ముప్పయ్యో గడిలో రెండు స్వరాలు

వదిన రోజుకు నూట ఇరవై కాలర్లు నొక్కుతుంది. డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో ఆవిరి మెషిన్ ముందు నిలబడి, కుడి చేత్తో కాలర్ పరిచి, ఎడమ చేత్తో మూలలు సర్ది, కాలితో పెడల్ తొక్కుతుంది. బుస్సున ఆవిరి లేస్తుంది. పై పలక తెరుచుకుంటుంది. ఇంకో కాలర్.

ఎడమ చేతికి వేళ్ళు మూడే. ఉంగరపు వేలూ చిటికెన వేలూ ఇరవై ఏడేళ్ళ కిందట ఇదే మెషిన్ పలకల మధ్య పోయాయి. ఆ తర్వాత యజమాని దానికి ఇనుప కంచె బిగించాడు. మూడు నెలలకు ఆమె తిరిగి పనిలోకి వస్తే, మడతల బల్ల దగ్గర కూర్చోమన్నాడు.

"నా మెషిన్ నాకివ్వండి" అంది.

"భయం వెయ్యదా?"

"దానికి వెయ్యాలి."

నిజానికి ఆమె వదిన అయింది ఒక్కరికే. భర్త తమ్ముడు, ప్లంబర్. ఆదివారం బ్యాండులో మనిషెత్తు తీగవాద్యం డబుల్ బేస్ వాయిస్తూ అతను "వదినా, మెల్లగా!" అని అరుస్తుంటే విని మిగతావాళ్ళు కూడా అదే అందుకున్నారు. డ్రమ్స్ వాయించే సెలూన్ యజమానికి అందరూ పెట్టిన పేరు కత్తెర. అతనికీ ఆమె వదినే. శాక్సోఫోన్ ఊదే టీసీ గారు రైళ్ళలో టికెట్లు చూసి రిటైరయ్యారు, ఆమె కంటే పదకొండేళ్ళు పెద్ద. ఆయన కూడా వాయిద్యం నోట్లోంచి తీసి మరీ "వదినగారూ" అంటారు. ఒక్క భర్త మాత్రం పేరు పెట్టి పిలుస్తాడు. ఆయన లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా. సంగీతంలో ఆయనకు తెలిసేది ఒక్కటే, ఎప్పుడు ఆగిందో.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఈ నలుగురూ, వదిన పియానో మీద, పేట హాల్లో పాత జాజ్ పాటలు వాయిస్తారు. ఏ దేశంలో ఏ బ్యాండయినా వాయించే పాటలే అవి. పాట అందరికీ ఒకటే. దాని కింద పరిచే స్వరాలు మాత్రం వాయించేవాళ్ళ తెలివిని బట్టి ఉంటాయి. చెక్క నేల మీద జంటలు నాట్యం చేస్తాయి. వాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే.

మొన్న మంగళవారం షాపు కౌంటర్ మీదికి వదిన పేర ఒక కవరు వచ్చింది. విప్పితే బట్టలకు గుచ్చే కాగితపు ట్యాగులు జలజలా రాలాయి. వాటితో పాటు ఒక ఉత్తరం.

"అమ్మా, హాలు పాటల పుస్తకంలోంచి తీసిన ట్యాగులు ఇవి. మీ వస్తువులు కాబట్టి మీకే పంపుతున్నాను. వచ్చే ఆదివారం నుంచి బ్యాండు అచ్చు పుస్తకం చూసే వాయిస్తుంది. పియానో దగ్గర నా విద్యార్థిని కూర్చుంటారు. మీరు నిరభ్యంతరంగా తాళానికి ఊపే గిలకలు వాయించవచ్చు. మీ అనుభవం వృథా కాకూడదు."

కింద కొత్త మాస్టారి సంతకం. బడిలో పిల్లలకు బృందగానం నేర్పే మనిషి. బ్యాండు నడిపిన పాత పెద్దాయన కాళ్ళ నొప్పులతో తప్పుకున్నాక హాలు కమిటీ ఈయనకు బ్యాండు అప్పగించి నెల కూడా కాలేదు.

వదిన ట్యాగులు లెక్కపెట్టింది. అరవై ఒకటి. ఉత్తరాన్ని మెషిన్ పక్క గోడకు గుచ్చింది. ఆ రోజు నూట ముప్పై ఎనిమిది కాలర్లు నొక్కింది.

సాయంత్రం ఆవిరి గొట్టం బిగించడానికి మరిది వచ్చాడు. రెంచీ చేతిలో పట్టుకునే ఉత్తరం చదివాడు.

"గిలకలా?"

"గిలకలే."

"నేను మానేస్తున్నా వదినా. కత్తెర కూడా మానేస్తాడు. ఊదుకోమనండి ఆ మాస్టార్నే, ఒక్కణ్ణే."

"మానేస్తే ఆయనకి పని తేలికైపోతుంది. ఎవ్వరూ మానద్దు. శనివారం రిహార్సల్‌కి టైముకి రా. ఒక్కటే చెప్తున్నా, నేను ఊ అనేదాకా తీగ ముట్టుకోకు."

"ఏం చేస్తారు?"

"వాయిస్తా. ఇంకేం చేస్తాను?"

ఆమె ఏం వాయించబోతోందో తెలియాలంటే ముందు ఆ ట్యాగుల సంగతి తెలియాలి. ట్యాగుల సంగతి తెలియాలంటే మామగారి సంగతి.

మామగారు దుకాణాల బోర్డులు రాసేవారు. పళ్ళకొట్టయినా పంటి ఆస్పత్రయినా, ఆయన రాసిన అక్షరాన్ని జనం ఆగి చూసేవారు. ఆదివారాలు డబుల్ బేస్ వాయించేవారు. బ్యాండు పాటల పుస్తకం, నీలం అట్టది, నూట నలభై పాటలు, మొత్తం ఆయన చేతిరాతే. కోడలు వేళ్ళతో ఇస్త్రీ బల్ల మీద తాళం వేస్తుంటే చూసి పియానో దగ్గరికి తీసుకెళ్ళింది కూడా ఆయనే. చిన్నప్పుడు బడిలో నాలుగేళ్ళు నేర్చుకున్నదాన్ని ఆమె అప్పటికి సగం మర్చిపోయింది. ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాల్ని పుస్తకాలు కార్డ్ అంటాయి. మామగారు గుత్తి అనేవారు. పాటను తాళం లెక్కన సమానంగా గీతలు గీసి విడదీస్తే వచ్చే ఒక్కో ముక్క గడి.

"పాట నడుస్తుంటుంది అమ్మాయ్. దాని కింద గడికో గుత్తి పరుస్తూ పోవాలి. చివర ఇంటికి చేర్చాలి. అంతే పని."

వేళ్ళు పోయిన మూడు నెలలూ ఆమె పియానో వైపు చూడలేదు. అత్తగారు "ఇక చాల్లే, ప్రాణం దక్కింది" అన్నారు. డాక్టరు టైలరింగ్ కూడా వద్దన్నాడు. మామగారు మాత్రం కట్టు విప్పిన మర్నాడు ఆమెను హాలుకు తీసుకెళ్ళి, పియానో మూత తీసి, తాను బేస్ పట్టుకుని నిలబడ్డారు.

"నాలుగు స్వరాల గుత్తికి వేళ్ళు చాలవు మామయ్యా."

"రెండే వాయించు. కింది స్వరం నేను వాయిస్తా. ఇంకొకటి లేకపోయినా ఎవరికీ పట్టదు. మిగతా రెండుంటాయే, గుత్తికి రుచి తెచ్చేవి, అవి వాయించు."

ఆమె మొండిగా కూర్చుంది. రోజూ పని అయ్యాక ఒక గంట. ఒక్కో గుత్తిలోంచి ఆ రెండు స్వరాలూ వెతికి పట్టుకోవడం, మూడు వేళ్ళతో ఒకదాన్నుంచి ఇంకోదానికి జరగడం. నెల తిరిగేసరికి ఒక విషయం కనిపెట్టింది. పెద్ద చెయ్యి పెట్టి నాలుగు స్వరాలు బాదినప్పుడు ఎగిరెగిరి వెళ్ళాల్సిన చోట్లకు, రెండే స్వరాలతో వెళితే చెయ్యి దాదాపు కదలనక్కర్లేదు. ఒక వేలు ఒక్క మెట్టు జరిగితే తర్వాతి గుత్తి వచ్చేస్తుంది. ఇంకో వేలు జరిగితే ఆ తర్వాతిది.

అలా వెళుతూ ఒక పాట ముప్పయ్యో గడి దగ్గర ఆగింది.

ముప్పై రెండు గడుల పాట. ఇల్లు, అంటే పాట చివర వాలే స్వరం, సి. ముప్పయ్యో గడి ఇంటి గుమ్మం లాంటిది. అక్కడ మామయ్య డి కి ఒక్క మెట్టు కింది డి ఫ్లాట్ గుత్తి రాశారు. ఆ రెండు స్వరాలూ వెతికితే ఎఫ్, బి అని తేలాయి. కానీ అవే రెండు స్వరాల్ని ఆమె అప్పటికి ఇరవై పాటల్లో గుమ్మం దగ్గర వాయించింది. అక్కడన్నిటా గుత్తి పేరు జి. అదే ఎఫ్, అదే బి, అవే వేళ్ళు, పేరు మాత్రం వేరు. రెండు పేర్లూ పియానో మీద ఒకదానికొకటి ఎంత దూరమంటే, అంతకంటే దూరం పోతే మళ్ళీ దగ్గరవుతున్నట్టే లెక్క.

తప్పు రాశారేమోనని అనుమానం వచ్చింది. హాలు బీరువాలో వెతికితే టీసీ గారి పాత శాక్సోఫోన్ కాగితం దొరికింది. మామయ్య దాన్ని చూసే పుస్తకంలోకి ఎక్కించారు. ఆ శాక్సోఫోన్ కాగితంలో రాసిన పేరును పియానోకు మార్చాలంటే ప్రతి స్వరాన్నీ మూడు మెట్లు పైకి జరపాలి. కాగితంలో ఆ గడిలో ఇ అని ఉంది. మూడు పైకి జరిపితే జి. మామయ్య ఆ ఒక్క గడిలో మూడు కిందికి జరిపారు. అందుకే డి ఫ్లాట్.

అంత అందమైన రాతలో తప్పుంటుందని ఎవరికి తోస్తుంది? తొమ్మిదేళ్ళు అలాగే వాయించారు. ఎవరూ ముఖం చిట్లించలేదు.

కాగితం తీసుకెళ్ళి చూపించింది. "ఇక్కడ ఎక్కాల్సింది దిగారు మామయ్యా."

ఆయన కళ్ళజోడు పైకి జరిపి చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. బ్రష్ తీసుకుని తెల్ల రంగు డబ్బా మూత విప్పారు.

"ఆగండి, చెరపద్దు. ముందు రెండు రకాలుగానూ వాయించండి."

వాయించారు. ముందు జి: డి నుంచి జి కి దూకి, అక్కణ్ణుంచి సి మీద వాలారు. తర్వాత తాను రాసినట్టు: డి, డి ఫ్లాట్, సి. ఒక్కో మెట్టూ దిగుతూ జారినట్టు ఇంట్లోకి. రెండుసార్లూ ఆమె చెయ్యి అవే రెండు స్వరాల మీద ఉంది. చెయ్యి కదల్లేదు, కింద నేల కదిలింది. అదే గుత్తికి మొదటిసారి పొద్దుటి వెలుగు పడినట్టుంది, రెండోసారి సాయంత్రపుది.

మామగారు డబ్బా మూత పెట్టేశారు. "తప్పు నాదే. కానీ ఎంత బాగుందో చూశావా, పాడు ముండది" అన్నారు.

ఆ తర్వాత ఆమె ఊరుకోలేదు. ఒక గడిలో పొరపాటున కుదిరింది ఇంకో గడిలో కావాలని కుదరదా? షాపులో భోజనం వేళ కౌంటర్ వెనక కూర్చుని, నీలం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పాటకు పాట, గుమ్మం దగ్గరి గుత్తిని మార్చి చూసేది. కుదిరినచోట కొత్త పేరును బట్టల ట్యాగు మీద రాసి పిన్నీసుతో ఆ గడి దగ్గర గుచ్చేది. మామగారి రాత మీద గీత పెట్టడానికి చెయ్యి రాలేదు. మొదటి ట్యాగు ముప్పయ్యో గడికే, అక్కడి డి ఫ్లాట్‌ను ఎవరూ దిద్దకుండా. ఒకసారి ఒక లాయరు గారి కోటు భుజం మీద "ఎ ఫ్లాట్ సెవెన్" అన్న ట్యాగుతో ఇంటికి చేరింది. ట్యాగు పోయిన మరో కోటు ఎవరిదో తెలియక మూడు రోజులు షాపులోనే ఉండిపోయింది. యజమాని అరిచాడు. వదిన విని, వెనక గదిలోకి వెళ్ళి, పోయిన ట్యాగు మళ్ళీ రాసుకుంది.

అన్నిచోట్లా కుదరలేదు. ఒక ఆదివారం ఒక పాటలో ఉత్సాహం కొద్దీ మార్చేస్తే, సరిగ్గా అప్పుడే టీసీ గారు డి మీద పొడుగ్గా ఊదుతున్నారు. కింద డి ఫ్లాట్, పైన డి. పళ్ళు జివ్వుమన్నాయి. నాట్యం చేస్తున్న ఒకాయన భార్య కాలు తొక్కాడు. టీసీ గారు శాక్సోఫోన్ తీసి, టికెట్ లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూశారు. "వదినగారూ, పైన నేనున్నానండీ" అన్నారు. ఆ వారం ఆమె తొమ్మిది ట్యాగులు పీకేసింది. పాటలో ఆ క్షణాన ఏ స్వరం ఉందో చూడకుండా గుత్తి మార్చకూడదని నేర్చుకుంది. మిగిలినవి, నిలిచినవి, ఇన్నేళ్ళకు అరవై ఒకటి.

మామగారు పోయి పందొమ్మిదేళ్ళయింది. బేస్ చిన్నకొడుకు చేతికి వచ్చింది. ముప్పయ్యో గడి కథ అతనికి ఎవరూ చెప్పలేదు.

శనివారం పొద్దున పదింటికి హాల్లో కుర్చీలు ఇంకా ఒకదాని మీదొకటి పేర్చే ఉన్నాయి. మాస్టారు అచ్చు పుస్తకాలు నాలుగు స్టాండ్ల మీదా సర్దారు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. కాలర్ చూసి అది తన షాపులోది కాదని వదిన గ్రహించింది. పక్కనే ఆయన విద్యార్థిని, వీధి చివర క్లినిక్ పళ్ళ డాక్టరమ్మ, పుస్తకం గుండెకు ఆనించుకుని ఇబ్బందిగా నిలబడింది. పియానో మూత మీద ఒక జత గిలకలు.

వదిన గిలకలు తీసి కుర్చీలో పెట్టి పియానో ముందు కూర్చుంది.

"అమ్మా, ఉత్తరం అందలేదా?" అన్నారు మాస్టారు.

"అందింది. గోడకు పెట్టుకున్నా."

కత్తెర డ్రమ్ మీద ఒక దెబ్బ వేశాడు. మాస్టారు అతని వైపు చూశారు.

"మీ మీద నాకేం కోపం లేదమ్మా. కానీ రెండు విషయాలు. ఒకటి, ఆ పాత పుస్తకం నిండా తప్పులు. ఈ పాటే చూడండి, ముప్పయ్యో గడి. అచ్చులో జి ఉంది. మీ పుస్తకంలో డి ఫ్లాట్. ఆ రెంటికీ పొంతన ఉందా? మొన్న ఆదివారం అది విని నా చెవులు గింగురుమన్నాయి. రెండు, మీరు ఎడమ చేత్తో రెండేసి స్వరాలే వాయిస్తారు. రెండు స్వరాల్ని కార్డ్ అనరు. మీ ఇబ్బంది నాకర్థమవుతుంది..."

"నాకేం ఇబ్బంది లేదు మాస్టారూ. ఇబ్బంది మీ చెవులకి. వాటి సంగతే చూద్దాం. మీరు కిటికీ వైపు తిరిగి నిలబడండి. ఆ పాట ఆఖరి నాలుగు గడులు పదిసార్లు వాయిస్తా. బేస్ ఉండదు. మీ పుస్తకంలో జి ఎప్పుడు వచ్చిందో, మా పుస్తకంలో తప్పు ఎప్పుడు వచ్చిందో మీరు చెప్పండి. ఎనిమిది సరిగ్గా చెబితే నేనే గిలకలు పట్టుకుంటా. ఆదివారం అందరిముందూ ఊపుతా."

"రెండు స్వరాలతో తేడా తెలియడం కష్టం అని సాకు చెప్పరు కదా తర్వాత?"

"అది మీరు చెప్పాల్సిన సాకు."

మాస్టారి మెడ ఎర్రబడింది. "నాకు రెండు చాలు. ఇరవై ఏళ్ళుగా పిల్లల గొంతుల్లో అర స్వరం తేడా పట్టుకుంటున్నాను" అని కిటికీ వైపు తిరిగారు. టీసీ గారు జేబులోంచి చిన్న నోట్‌బుక్కూ పెన్నూ తీశారు. ఉద్యోగంలో ఉన్నప్పటి అలవాటు, రెండూ లేకుండా ఆయన బయటికి రారు. మరిది బేస్ మెడ పట్టుకుని, తీగలకు దూరంగా చేతులు పెట్టి నిలబడ్డాడు.

వదిన వాయించింది. కుడి చేత్తో పాట. ఎడమ చేత్తో ఎఫ్, సి. అక్కణ్ణుంచి ఒక వేలు దిగి ఎఫ్, బి. ఇంకో వేలు దిగి ఇ, బి. ఇల్లు.

"పుస్తకం" అన్నారు మాస్టారు వెంటనే.

మళ్ళీ.

"తప్పు. స్పష్టంగా తెలుస్తోంది."

మళ్ళీ.

"పుస్తకం."

డాక్టరమ్మ పియానో పక్కన నిలబడి ఉంది. మూడోసారికి ఆమె వినడం మానేసి వదిన ఎడమ చెయ్యి చూడటం మొదలుపెట్టింది. అయిదోసారికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రోజంతా అందర్నీ నోరు తెరవమనే మనిషి.

"తప్పు... పుస్తకం... పుస్తకం, కానీ మీరు కొంచెం గట్టిగా కొట్టారు... తప్పు..."

పది అయ్యాయి. మాస్టారు తిరిగారు. టీసీ గారు నోట్‌బుక్ దూరంగా పట్టుకుని చదివారు. "పుస్తకం ఆరు, తప్పు నాలుగు."

"ఎన్ని సరిపోయాయి?" అన్నారు మాస్టారు.

"నన్నెందుకడగడం? మీ శిష్యురాలు చూశారు. ఆవిణ్ణే అడగండి" అంది వదిన.

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "సార్... పదిసార్లూ అవే రెండు మెట్లు."

"అంటే?"

"ఆవిడ ఏమీ మార్చలేదు సార్."

కత్తెర నవ్వు ఆపుకోలేక డ్రమ్స్ పక్కనున్న ఇత్తడి పళ్ళెం పట్టుకున్నాడు. అది ఆగకుండా సన్నగా మోగింది. మాస్టారు వచ్చి పియానో మీదికి వంగి చూశారు. "ఇది గారడీ" అన్నారు.

"గారడీ అయితే నేను సర్కస్‌లో ఉండేదాన్ని. జి గుత్తిలో స్వరాలు చెప్పండి."

"జి, బి, డి, ఎఫ్."

"డి ఫ్లాట్ గుత్తిలో?"

"డి ఫ్లాట్, ఎఫ్, ఎ ఫ్లాట్..." ఆయన ఆగారు. నాలుగో స్వరాన్ని వేలితో నొక్కి చూసుకున్నారు. బి.

"ఆ రెండే కదా మాస్టారూ కొట్టుకునేవి? ఎఫ్‌కీ బి కీ పడదు కాబట్టే పాట అక్కణ్ణుంచి ఇంటికి పరిగెత్తేది. ఆ పేచీ రెండు గుత్తుల్లోనూ ఒక్కటే. అందుకే ఒకదాని బదులు ఇంకోటి వస్తే పాట ఊరుకుంటుంది. మీరు విన్న తప్పు నా చేతిలో లేదు. మా పుస్తకం అంటే తప్పు ఉండాల్సిందే అనుకుని విన్నారు, మీకు వినిపించింది." ఆమె వెనక్కి తిరిగింది. "ఊ. ఇప్పుడు వాయించు. ముందు మాస్టారి పుస్తకం."

మరిది వాయించాడు. డి, జి, సి.

"ఇప్పుడు మీ నాన్న రాసింది."

డి, డి ఫ్లాట్, సి. లావు తీగ హాలు చెక్క నేలలోంచి కాళ్ళకు తగిలింది. మాస్టారు "ఇంకోసారి" అన్నారు. విన్నారు. "ఇంకోసారి" అన్నారు.

నాలుగోసారి అయ్యాక ఆయన నెమ్మదిగా అన్నారు. "బాగుంది. కాదనను. కానీ అమ్మా, నేను చాలా కాగితాలు చూశాను. ఆయన ఇది కావాలని రాశారంటే నమ్మను. ఇది పొరపాటే."

"పొరపాటే" అంది వదిన.

బేస్ దగ్గర్నుంచి మరిది తల ఎత్తాడు. "ఏంటి? నాన్న తప్పు రాశాడా?"

"శాక్సోఫోన్ కాగితం చూసి ఎక్కించేటప్పుడు మూడు ఎక్కాల్సింది మూడు దిగారు. నాకు ఇరవై ఏడేళ్ళుగా తెలుసు."

"ఇన్నేళ్ళూ నేను అది నాన్న స్టైల్ అనుకుని వాయిస్తున్నా! ఎంతమందికి చెప్పుకున్నానో! నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెబితే బాగుచేసేవాడివి. నువ్వు ప్లంబర్‌వి. కారుతోందంటే ఆగవు."

టీసీ గారు కూడా నవ్వారు. మరిది నవ్వలేదు. కాసేపు తీగల వైపు చూసి, డి ఫ్లాట్‌ని ఒక్కదాన్నే, మెల్లగా, ఒకసారి మీటాడు.

వదిన మాస్టారి వైపు తిరిగింది. "ఆయన తెలియక రాశారు. నేను తెలిసి వాయిస్తున్నా. అది చూశాకే మిగతా అరవై గడులూ ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నా. మీరు ఒక్క సాయంత్రంలో పీకేశారు. ఒక్క గడి కూడా వాయించి చూడకుండా."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడిచిందే మళ్ళీ తుడిచారు. "కమిటీ అచ్చు పుస్తకాలు కొన్నది. వాటిని వాడాలి" అన్నారు చివరికి.

"వాడండి. మామయ్య పుస్తకం కుట్లు ఎలాగూ ఊడిపోతున్నాయి, నేను ఇంటికి తీసుకెళ్తా. ట్యాగులు మాత్రం మీ పుస్తకంలో పడాలి." చేతిసంచిలోంచి కవరు తీసి పియానో మీద పెట్టింది. దాని పక్కన పిన్నీసుల డబ్బా. "పీకిన చేతులే గుచ్చాలి. నేను గడి చెప్తా."

"మరి పియానో..." అన్నారు మాస్టారు డాక్టరమ్మ వైపు చూస్తూ.

"రేపు నేను కూర్చోను సార్. ఆవిడ ఎడమ పక్కన కుర్చీ వేసుకుంటాను" అంది డాక్టరమ్మ. కాస్త ఆగి, "గిలకలు కావాలంటే ఊపుతాను" అంది.

"ఊపుదురుగాని. తాళం తప్పారంటే కత్తెర ఊరుకోడు. నాకు మాత్రం ఎనిమిది వేళ్ళున్నాయి, ఎనిమిది వేళ్ళ పని ఇస్తే చాలు" అంది వదిన.

అరవై ఒక్క ట్యాగులు గుచ్చడానికి గంటన్నర పట్టింది. మొదటి పది మాస్టారు మౌనంగా గుచ్చారు. పదకొండో దాని దగ్గర "ఇది ఎందుకు?" అని అడిగారు. ఆమె వాయించి చూపింది. ఇరవయ్యో దాని దగ్గర "పాటలో అప్పుడు ఏ స్వరం?" అని అడిగారు. ముప్పయ్యిల్లోకి వచ్చాక ఆమె చెప్పకముందే ఆయన గడి మీద వేలు పెట్టారు. రెండుసార్లు సరిగ్గా, ఒకసారి తప్పుగా. కత్తెర సెలూన్ తెరవాలని వెళ్ళిపోయాడు. మాస్టారు క్షమించమని అడగలేదు. ఆమె అడగమనలేదు.

ఆదివారం మూడింటికి హాల్లో అరవై నాలుగు మంది ఉన్నారు. ముప్పయ్యో గడి ఆ ఒక్క పాటలో ఆరుసార్లు వచ్చింది. మరిది ఆరుసార్లూ డి ఫ్లాట్ వాయించాడు. ఆఖరిసారి కాస్త గట్టిగా. డాక్టరమ్మ గిలకలు రెండుచోట్ల ముందుకు పరిగెత్తాయి.

ఆరింటికి మూత వేస్తూ వదిన అచ్చు పుస్తకంలో ట్యాగులు సరిచూసుకుంది. అరవై రెండు. అరవై రెండోది నూట పన్నెండో పేజీలో, ఎనిమిదో గడి దగ్గర, పిల్లల అక్షరాల్లాంటి మాస్టారి గుండ్రటి రాతలో "డి ఫ్లాట్" అని ఉంది. సరిగ్గా అక్కడే టీసీ గారు డి మీద పొడుగ్గా ఊదుతారు. వదిన ట్యాగు తీయలేదు. పెన్సిల్‌తో పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టింది. శనివారం పదింటికి వాయించి వినిపిస్తుంది.